అడ్రసు లేని బోర్డు

“ఎత్తకు,” అంది అక్క.

బల్ల మీద ఫోను వణుకుతూ కొంచెం కొంచెంగా అంచు వైపు జరుగుతోంది. పక్కనే నిన్న వచ్చిన పార్సిలు. చింపిన అట్టపెట్టెలో ఒక జత ఎర్ర బూట్లు. చిన్నపిల్లలవి. కొత్త తోలు వాసన ఇంకా గది నిండా ఉంది.

చెల్లెలు గోడకు ఆనుకుని కూర్చుని పాపను ఒళ్ళోకి లాక్కుంది. పాప కళ్ళు బూట్ల మీదే ఉన్నాయి.

“ఎత్తను. కానీ దాని నోరు మూయించక్కా. ఆ చప్పుడుకి నా పళ్ళు జివ్వుమంటున్నాయి.”

“కట్ చేస్తే భయపడ్డామని తెలిసిపోతుంది.”

“తెలిస్తే తెలియనీ. భయపడ్డాంగా!”

ఫోను దానంతట అదే ఆగింది. ఇద్దరూ దాని వైపే చూస్తూ కూర్చున్నారు. మోగినప్పటికంటే మోగనప్పుడే గది ఇరుగ్గా అనిపించింది.

నిన్న ఒక్కసారి అక్క ఎత్తింది. కొత్త నంబరు కదా, ఎవరో అనుకుంది. “వదినగారూ, బాగున్నారా?” అంది ఆ గొంతు, పెళ్ళివారింట్లో పలకరించినంత మర్యాదగా. “బూట్లు అందాయా? పాపకి సరిపోయాయా? సరిపోకపోతే చెప్పండి, నేనే వచ్చి మార్చి ఇస్తాను.”

ఆ మాట విన్నాక చెల్లెలు అన్నం ముట్టలేదు.

మొగుణ్ణి వదిలి, రెండు ఊళ్ళు మారి, పాత ఫోను నంబరు పారేసి అక్క పంచన చేరింది ఆమె. పాపకు బడిలో ఇంటిపేరు కూడా మార్చి రాయించింది. ఏడాది దాటింది. తన పెళ్ళయ్యాక అక్కవాళ్ళు మారిన ఈ ఇల్లు మొగుడికి తెలియదు. ఈ ఏడాదిలో పాప మూడు మాటల పిల్ల కాస్తా వాగుడుకాయ అయింది. చెల్లెలు తలుపు చప్పుడుకు ఉలిక్కిపడటం మానేసింది. మానేశానని నెల కిందటే అక్కతో చెప్పి నవ్వింది కూడా.

పాప నడక నేర్చిన కొత్తలో ఒకరోజు దాన్ని మేడ పిట్టగోడ మీద కూర్చోబెట్టి, ఒంటి చేత్తో నడుం పట్టుకుని, “ఎవరితో మాట్లాడావో చెప్పు. చెప్పకపోతే చెయ్యి వదిలేస్తాను,” అని నవ్విన మనిషి అతను. ఆ చేతికి చిటికెన వేలు సగమే ఉంటుంది. మిగతా సగాన్ని ఎప్పుడో కార్ఖానాలో మిషను తినేసింది. ఆ సగం వేలు పాప గౌను మీద కదలడం చెల్లెలికి ఇప్పటికీ కలలోకి వస్తుంది.

పొద్దున స్టేషనుకు వెళ్ళొచ్చారు. “తండ్రి కూతురికి బూట్లు పంపితే ఏం కేసు పెట్టమంటారమ్మా? వస్తే చెప్పండి, చూద్దాం,” అన్నారు అక్కడ.

వచ్చాక చెప్పడానికి ఎవరు మిగలాలి?

వంటగది గుమ్మంలో అక్క వాళ్ళ అత్త బఠాణీలు ఒలుస్తోంది. నిన్న సాయంత్రం నుంచి ఆమె నోరు విప్పలేదు. ఈ ఇంట్లో అదో వింత. పాలు పోసేవాడు పాలు పోసి వెళ్ళేలోపు వాడి అత్తవారి సంగతులన్నీ రాబట్టే మనిషి. “రేడియోకైనా మీట ఉంది, మా అమ్మకు లేదు,” అని కొడుకే నవ్వేవాడు.

“అత్తయ్యా, ఇంకోసారి అడుగుతున్నాను,” అంది అక్క. “పార్కులో బెంచీ మీద కూర్చుని మన అడ్రసు ఎవరితో అన్నారు?”

గిన్నెలో గింజలు టపటపా రాలాయి.

“కోపంతో అడగడం లేదు. ఎవరితో అన్నారో తెలిస్తే, వాడికి ఎంతవరకు తెలిసిందో మనకి తెలుస్తుంది. పాప బడి సంగతి కూడా చెప్పారా? అదొక్కటీ చెప్పండి.”

అత్త ఇంకో కాయ తీసుకుని తొడిమ తుంచింది.

“చూశావా చెల్లీ? చూశావా ఈ మొండితనం?”

“వదిలెయ్యక్కా. నిన్న నువ్వన్నది చాలదా?”

నిన్న అక్క అన్నది చాలానే. “మీ నోటికి గడియ ఉంటే ఈ ఇంటికి తాళమే అక్కర్లేకపోయేది,” అంది. అన్న వెంటనే నాలుక కరుచుకుంది. కానీ వెనక్కి తీసుకోలేదు. భయం వేసినప్పుడు ఎవరో ఒకరిది తప్పని తేలితే కాస్త ఊపిరి ఆడుతుంది. ఇంట్లో అందుబాటులో ఉన్నది అత్త.

పాప ఒళ్ళోంచి జారి బల్ల దగ్గరకు వెళ్ళింది. “అమ్మా, ఒక్కసారి వేసుకుని తీసేస్తానే.”

“ముట్టుకోకు!”

ఆ కేకకు పాప పెదవి వణికింది. దాన్ని సముదాయించడానికి లేచిన చెల్లెలి చూపు అట్టపెట్టె మీద అంటించిన చిరునామా మీద పడింది. పాప తల నిమురుతూనే ఆమె దాన్ని చదివింది. మళ్ళీ చదివింది. నిమిరే చెయ్యి ఆగింది.

“అక్కా, ఇది చదివావా?”

“వందసార్లు.”

“ఇంటి నంబరు కాదు, కింద రాసిన మాటలు చూడు. ‘ఇనుప మెట్ల మేడ, ఆకుపచ్చ గేటు, బేకరీ వెనక సందు.’ మన ఇంటిని ఇనుప మెట్ల మేడ అని ఎవరంటారక్కా? పోస్టుమాను కాంపౌండరుగారి మేడ అంటాడు. వీధిలో వాళ్ళూ అంతే. అత్తయ్య ‘బేకరీ వెనక మా ఇల్లు’ అంటుంది. ఆవిడ నోట మెట్ల మాట నేనెప్పుడూ వినలేదు.”

అత్త చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

అక్క అట్టపెట్టె అందుకుంది. ఆ మూడు ముక్కలూ ఆమెకు బాగా తెలుసు. పాతికేళ్ళుగా వింటున్న మాటతీరు. ఇంటికి గ్యాసు సిలిండరు తెప్పించినా, కుర్చీ బాగుచేయించినా, అవతలివాడికి గుర్తులు అలా వరస పెట్టి చెప్పే మనిషి ఈ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు.

కింద పెరట్లోంచి టర్పెంటైను వాసన వస్తోంది.

“ఏమండీ!” అని పిలిచింది అక్క. ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

*

వీధంతా అతన్ని ఆర్టిస్టు అంటుంది. దుకాణాల బోర్డులు రాయడం అతని పని. అచ్చు బోర్డులు వచ్చి పని సగానికి పడిపోయినా, అతని అక్షరం కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. అతనికో పట్టింపు. బోర్డు ఎంత చిన్నదైనా అడుగున పేరు, అడ్రసు, ఫోను నంబరు పూర్తిగా ఉండాలి. వద్దంటే పని ఒప్పుకోడు. ఎదురుగా ఉన్న నెట్ సెంటర్‌కీ అలాగే రాశాడు. “మా కొట్టు ముందు నిలబడి మా కొట్టు ఎక్కడుందో చదువుకోవచ్చు,” అని ఆ సెంటర్ ఆవిడ అందరికీ చెప్పి నవ్వుతుంది.

అతను మెట్లెక్కి వచ్చాడు. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ గుమ్మంలోనే ఆగాడు. అక్క అట్టపెట్టెను అతని ముఖానికి ఎదురుగా పట్టుకుంది.

“ఇవి ఎవరి మాటలు?”

చదివాడు. దాచే ప్రయత్నం చేయలేదు.

“నావే.”

“ఎవరికి చెప్పారు?”

“ఎవరికీ చెప్పలేదు. పాప మీద ఒట్టు.”

“దాని మీద ఒట్టు పెట్టకండి!” అంది అక్క. “చెప్పకుండా వాడికి కలొచ్చిందా? మీ మాటలు మీ వరసలోనే ఎలా రాశాడు?”

“నాకేం తెలుసు? నేను... రాసింది ఒక్కచోటే.”

“ఎక్కడ?”

అతను చెల్లెలి వైపు చూశాడు. చూసి తల దించుకున్నాడు.

“సైటుకు,” అన్నాడు.

చెల్లెలిది రఫ్ఫు పని. చిరిగిన కోటైనా, సిగరెట్టు కాలిన శాలువైనా, ఆ బట్టలోంచే పోగులు లాగి, చిరుగు ఎక్కడుందో తెలియకుండా అల్లుతుంది. ఆ పనికి ఒక వెబ్‌సైటు ఉండాలని పట్టుబట్టింది ఆర్టిస్టే. ‘కనిపించని కుట్టు’ అని పేరు పెట్టింది మాత్రం ఆమె. అది ఆమె ఎప్పుడూ అనే మాట. కాపురంలో ఉన్నప్పుడూ అనేది.

ఎంత జాగ్రత్తపడ్డారో! సైటులో ఆమె పేరు లేదు, ఫోటో లేదు. కుట్టిన బట్ట తప్ప కుట్టిన చెయ్యి కూడా కనిపించదు. బట్టలు ఇవ్వాల్సిన చోటు రెండు వీధుల అవతల లాండ్రీ. అక్కడి నుంచి లాండ్రీ అన్న తన వ్యానులో తెచ్చి ఇచ్చి, తీసుకుపోతాడు.

“సైటులో మన అడ్రసు లేదుగా బావా? నేను రోజూ చూస్తాను. లాండ్రీదే ఉంది.”

“సైటులో కాదమ్మా. దాని పేరు కొన్నప్పుడు. ఆ పేరు ఎవరిది, ఎక్కడుంటారు, ఫోను నంబరేంటి అని అడిగారు. రాశాను.”

“ఎవరి పేరు రాశారు?” అంది అక్క.

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

“ఎవరి పేరు రాశారని అడుగుతున్నాను.”

“తనదే. ఇంటిపేరుతో సహా.” అతని గొంతు తగ్గింది. “పని తనది. పేరు నాదెలా రాస్తాను? ఈ ఇంట్లో ఆ పిల్లకంటూ ఒకటి ఉండాలనుకున్నాను. ఫోను మాత్రం నీది ఇచ్చాను.”

చెల్లెలు మెల్లగా నేల మీద కూర్చుంది. అరవలేదు. అరిస్తే బాగుండునని అక్క అనుకుంది.

*

నెట్ సెంటర్ ఆవిడ అక్కా, ఆర్టిస్టూ ఇద్దరి ముఖాలూ చూసి, ముందున్న కుర్రాళ్ళను కాసేపు బయటికి పంపేసింది. కంప్యూటరులో ఏదో పేజీ తెరిచి, ‘కనిపించని కుట్టు’ పేరు కొట్టింది.

“ఏ సైటు పేరు ఎవరిదో ఎవరైనా అడగొచ్చండీ. దొంగ సైట్లు పెడితే పట్టుకోవాలిగా, అందుకని. ఇప్పుడు చాలా కంపెనీలు వాటంతటవే దాచేస్తున్నాయి. మీరు కొన్నచోట మాత్రం దాచమని మనం చెప్పాలి. చెప్పకపోతే ఇదిగో, ఇలా.”

అక్క కంప్యూటరు మీదికి వంగింది.

చెల్లెలి పూర్తి పేరు. ఇంటి నంబరు. ఇనుప మెట్ల మేడ. ఆకుపచ్చ గేటు. బేకరీ వెనక సందు. తన ఫోను నంబరు. అర్థం కాని ఇంగ్లీషు గీతల మధ్య తన ఇల్లు అలా పడి ఉంది. ముందు తలుపుకు మూడు గడియలు బిగించుకుని, దొడ్డి తలుపు బార్లా తెరిచిపెట్టుకుని పడుకున్నారు ఇన్నాళ్ళూ.

“కొనేటప్పుడు వివరాలు దాచమంటారా అని కంపెనీ అడిగే ఉంటుందే ఆర్టిస్టుగారూ?”

“అడిగింది.”

“మరి?”

“వద్దన్నాను.”

అక్క అతని వైపు తిరిగింది. “అడిగిందా? అడిగితే వద్దన్నారా?”

“మనమేం దొంగతనం చేశామని దాచాలి అనుకున్నాను.” అతను తన చేతులు చూసుకుంటూ మాట్లాడుతున్నాడు. గోళ్ళ సందుల్లో ఎర్ర రంగు. “నా దగ్గరికొచ్చి అడ్రసు లేకుండా బోర్డు రాయమన్నది ఇన్నేళ్ళలో ఒక్కడే. డాక్టరునన్నాడు. వారం తిరక్కుండా పోలీసులు పట్టుకుపోయారు. అడ్రసు దాచేవాడి దగ్గరికి ఎవరొస్తారు చెప్పు? చక్కగా, పూర్తిగా రాశాను. వచ్చేవాళ్ళు తిరక్కుండా గుర్తులు కూడా రాశాను.”

“అవును. తిరక్కుండానే దొరికింది వాడికి.”

“నన్నొక్క మాట అడగాల్సిందండీ,” అంది సెంటర్ ఆవిడ.

“అడగాల్సిందే. ఇదీ బోర్డేగా అనుకున్నాను.”

ఆవిడ కంప్యూటరు వైపు తిరిగింది. అతని చేత ఫోను తీయించి, కంపెనీ పంపిన అంకెలు కొట్టించి, ఏవో రెండు మూడుచోట్ల నొక్కింది. “ఇక నుంచి మీ పేరు బదులు వాళ్ళ పేరు కనిపిస్తుంది. ఎవరైనా ఏదైనా రాసినా వాళ్ళకే పోతుంది, వాళ్ళే మీకు పంపిస్తారు.”

“అబద్ధపు అడ్రసు పెట్టేస్తే?” అంది అక్క. “వేరే ఊరిది. వాడు అక్కడికి పోయి తిరుగుతాడు.”

“పెట్టకూడదండీ. తెలిస్తే సైటే తీసేస్తారు. కంపెనీకి నిజమే చెప్పాలి. లోకానికి చెప్పక్కర్లేదు, అంతే తేడా.”

“మరి ఇన్నాళ్ళూ కనిపించింది?”

ఆవిడ మౌస్ మీంచి చెయ్యి తీసింది.

“చూసినవాళ్ళ కళ్ళలోంచి నేను తీయలేనండీ. కొందరు ఇవన్నీ కాపీలు తీసి దాచుకుంటారు కూడా. అది నా చేతుల్లో లేదు.”

ఆర్టిస్టు లేచి నిలబడ్డాడు. “బోర్డు చెరిపేశాం. ఫోటోలు తీసుకున్నవాళ్ళు తీసుకున్నారు. అంతేనా?”

“అంతేనండీ.”

దారి దాటుతుండగా అతను అన్నాడు, “నన్ను తిట్టు.”

అక్క తిట్టలేదు. “మీ అమ్మను తిట్టాను,” అంది.

*

వాళ్ళు వచ్చేసరికి పాప ముందుగదిలో కూర్చుని ఉంది. తల్లి వంటగదిలోకి పోయిన సందు చూసి ఒక బూటు కాలికి తగిలించుకుంది. నాలుక బయటపెట్టి, రెండు చేతులతో లాగుతోంది.

చెల్లెలు పరిగెత్తుకుంటూ వచ్చింది. కొట్టడానికి ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది.

“పట్టడం లేదమ్మా,” అంది పాప ఏడుపు గొంతుతో. “మడమ పోవడం లేదు.”

చెల్లెలు దాని కాలు పట్టుకుని చూసింది. బొటనవేలు తోలుకు గట్టిగా తన్నింది. మడమ సగం బయటే ఉంది.

“చిన్నవి,” అంది. “అక్కా, చిన్నవయ్యాయి! చూడు, చిన్నవి!” నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. “అప్పటి కాలు గుర్తుపెట్టుకుని కొన్నాడు. ఇప్పటి కాలు వాడు చూడలేదు. దీన్ని వాడింకా చూడలేదక్కా!”

అక్క కూడా కింద కూలబడి పాప కాలిని అరచేతిలోకి తీసుకుంది. ఇంత పిడికెడు పాదం. ఏడాదిలో ఎవరికీ చెప్పకుండా పెరిగింది.

“అయితే వాడు చూసేలోపే, ఇవాళే వెళ్ళిపోవాలి,” అంది.

“ఎక్కడికి?”

“లాండ్రీ వెనక గది ఖాళీగా ఉందిగా. ముందు అక్కడికి. తర్వాత ఆలోచిద్దాం. అన్నకి ఫోను చేస్తాను. వ్యాను వెనక సందులోకి తెస్తాడు.”

“ఎన్నిసార్లక్కా?” చెల్లెలు బూటు లాగి బల్ల మీద పెట్టింది. “తాళం చెవి అప్పగించే తీరికైనా లేకుండా ఇంకెన్ని ఇళ్ళు మారాలి? తప్పు చేసింది వాడు. మూట కట్టుకునేది నేను. ఒకసారి రానీ. వచ్చి ఏం చేస్తాడో చెయ్యనీ.”

“నిన్నంటే ఏమైనా చెయ్యనిస్తావు. పాపని?”

చెల్లెలు లేచి సూదుల డబ్బా సర్దుకోసాగింది.

ఆర్టిస్టు ఇదంతా గుమ్మంలో నిలబడే విన్నాడు. ఎవరూ అతన్ని లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. కాసేపటికి కింద డబ్బా మూత ఊడదీస్తున్న చప్పుడు వినిపించింది. అక్క కిటికీలోంచి చూసింది. అతను గేటుకు బూడిదరంగు వేస్తున్నాడు. లోపలివైపు, బయటివైపు, పెద్ద కుంచెతో, ఒళ్ళు తెలియనంత వేగంగా. తను ముద్దుగా నీడలు దిద్ది రాసుకున్న ఇంటి నంబరు మీద కూడా వేసేశాడు.

“గేటు రంగు మారితే ఇల్లు మారిపోతుందా?” అని అరిచింది పైనుంచి.

అతను తలెత్తలేదు. “మెట్లు పీకేయలేనుగా,” అన్నాడు. “చేతనైంది చేయనీ.”

ఆ మాటకు ఆమె కిటికీ వదిలి వచ్చేసింది.

గేటు పూర్తిచేసి, నిచ్చెన భుజాన వేసుకుని సందు మొదటికి పోయాడు. బేకరీ గోడ మీద సందులోకి బాణం గుర్తు వేసి తమ ఇంటి దారి ఏడాది కిందట అతనే రాశాడు, ఎవరూ అడక్కుండానే. దాన్నీ చెరపాలట.

సర్దడం అయ్యాక అక్క వంటగది గుమ్మం దగ్గరికి వచ్చింది. బఠాణీలు అయిపోయాయి. అత్త ఖాళీ తొక్కలను ఒక్కొక్కటే గిన్నెలో వేస్తోంది.

“అత్తయ్యా, మీరూ లేవండి.”

“నేను రాను.”

నిన్నటి నుంచి ఆమె మాట్లాడిన మొదటి మాట అది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఉలిక్కిపడ్డారు. పాప మాత్రం, “నానమ్మకి మాటొచ్చింది!” అంది.

“ఇల్లు తాళం వేసి ఉంటే పారిపోయారని తెలుస్తుంది,” అంది అత్త, కోడలి వైపు చూడకుండా. “వెతుక్కుంటూ బయల్దేరతాడు. తలుపు తీసి, ఎవరో ఒకరు లోపల ఉండాలి. నన్నా మనిషి ఎప్పుడూ చూడలేదు. వాళ్ళ పెళ్ళికి నేను కంటి ఆపరేషనని రాలేదుగా.”

“ఒక్కరే ఎలా ఉంటారు?”

“మా అబ్బాయొస్తాడుగా, బాణం చెరిపి. వెళ్ళండి. పిల్లకి దాహమేస్తే నీళ్ళు పెట్టుకున్నారా?”

అక్క నోరు తెరిచింది. చెప్పాల్సింది ఒకే ఒక్క మాట. అది నాలుక చివరిదాకా వచ్చి అక్కడ చతికిలబడింది. “పెట్టుకున్నాం,” అని మాత్రం అంది.

వాళ్ళు దిగగానే వెనక తలుపు గడియ పడిన చప్పుడు వినిపించింది.

*

వ్యానులో ఉతికిన దుప్పట్ల మూటల మధ్య చెల్లెలు, ఆమె ఒళ్ళో పాప. లాండ్రీ అన్న ఇంజను ఆపకుండా కూర్చున్నాడు.

“ఎక్కండమ్మా.”

అక్క ఒక కాలు లోపల పెట్టింది. మళ్ళీ దింపేసింది.

“ఒక్క నిమిషం అన్నా. అత్తయ్యకు ఒక మాట చెప్పొస్తాను.”

“ఇప్పుడా అక్కా?” చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుంది. “ఫోనులో చెప్పొచ్చు.”

“ఫోనులో చెప్పే మాట కాదు. ముఖాన అన్నాను, ముఖం చూసే చెప్పాలి. మీరు పదండి, నేను నడిచి వచ్చేస్తాను. పదన్నా, ఆగకు.”

వ్యాను కదిలింది. వెనక అద్దంలోంచి పాప చెయ్యి ఊపింది. అక్క కూడా ఊపి, సందు చుట్టి ముందువైపుకు నడిచింది.

బేకరీ దగ్గర భర్త నిచ్చెన మీద, వీపు ఇటు తిప్పి, గోడకు సున్నం కొడుతున్నాడు. పలకరించలేదు. అత్తతో ఏమనాలో లోలోపల కూడబలుక్కుంటోంది. ‘అత్తయ్యా, నిన్న నేనన్నది...’ అని మొదలుపెడితే చాలు, మిగతాది ఆవిడే అందుకుంటుంది. ఆవిడతో అదొక సుఖం.

గేటు ఓరగా తెరిచి ఉంది.

బూడిదరంగు ఇంకా తడిగా మెరుస్తోంది. లోపలివైపు, గడియ పక్కన, రంగు చెదిరి అరచెయ్యి అచ్చు పడింది. ‘పూర్తయిన పని మీద చెయ్యేస్తారా ఎవరైనా, ఈయన తొందరా ఈయనా,’ అని విసుక్కుంటూ దగ్గరికి వంగింది.

బొటనవేలు. చూపుడు వేలు. నడిమి వేలు. ఉంగరం వేలు.

చిటికెన వేలు ఉండాల్సిన చోట సగం గీత, దాని పైన తడి ఆరని బూడిదరంగు.

అక్క వెన్ను గోడకు తగిలింది. ఎప్పుడు వెనక్కి నడిచిందో ఆమెకు తెలియదు. ఇనుప మెట్ల కమ్మీ మీద అక్కడక్కడా బూడిద మరకలు పైదాకా పోయాయి. పైన తలుపు తెరిచి ఉంది. లోపలి నుంచి అత్త గొంతు.

“...ఖాళీ చేసి చాన్నాళ్ళయింది బాబూ. ఎక్కడికి పోయారో మాకేం తెలుసు? మేం కొత్తగా దిగాం. నాకు ఇల్లు చూపించినాయన కూడా అదే అన్నాడు, పాతవాళ్ళు చెప్పాపెట్టకుండా పోయారని. కూర్చో, ఎండలో వచ్చావు. అయ్యో, చేతికి ఆ రంగేంటి? కిరసనాయిలిస్తాను, తుడుచుకో. సబ్బుకి పోదు. మా ఆయన బతికున్నప్పుడు ఒకసారి ఇలాగే...”

మీట లేని రేడియో. అడ్డూ ఆపూ లేకుండా సాగిపోతోంది. వ్యాను దూరమయ్యేదాకా ఆ మాటలతోనే అతన్ని కుర్చీకి కట్టేసేలా ఉంది. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెప్పాల్సిన ఒక్క మాట ఆ చేతి వెనక వణికింది.

కేక వేస్తే సందు మొదట్లో ఉన్న భర్తకు వినిపిస్తుంది. పైనున్న మనిషికీ వినిపిస్తుంది. పాతవాళ్ళు ఇక్కడే ఉన్నారని తెలిసిపోతుంది.

“పాపా? ఏ పాప బాబూ?” అంటోంది అత్త. “ఈ ఇంట్లో పిల్లలెక్కడున్నారు? నేనూ, నా కొడుకూ, అంతే. పిల్లలుంటే ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందా?”

సరిగ్గా అప్పుడు అక్కకు ముందుగదిలోని బల్ల గుర్తొచ్చింది. దాని మీద చెల్లెలు లాగి పడేసిన ఎర్ర బూట్లు. సర్దేటప్పుడు అవి ఎవరికీ అక్కర్లేకపోయాయి. ఎవరూ తీయలేదు.

పైన కుర్చీ కాళ్ళు గచ్చు మీద గీరుకున్నాయి.

అత్త మాట మధ్యలో ఆగిపోయింది.